ఏడు ఓట్లు

1875లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. అక్కడ నల్లజాతివారే అధికసంఖ్యాకులు. బానిసత్వం రద్దయి పదేళ్లు. చేతిలో ఓటుహక్కు ఉంది. అయినా యాజూ కౌంటీలో వారు నమ్ముకున్న రిపబ్లికన్ పార్టీకి పడ్డవి 7 ఓట్లు! డెమోక్రాట్లకు నాలుగు వేలకు పైగా.

ఈ అంకెల వెనుక ఉన్నది ప్రజాభిప్రాయం కాదు, తుపాకీ. సెప్టెంబరులో క్లింటన్‌లో రిపబ్లికన్ సభ వద్ద ఘర్షణ జరిగాక, పదుల సంఖ్యలో నల్లవారిని వెదికి చంపారు. ఎదురు ఓటేసినవారికి పని దొరకదని భూస్వాములు బెదిరించారు. గవర్నర్ ఏమ్స్ సైన్యాన్ని కోరితే గ్రాంట్ ప్రభుత్వం పంపలేదు. 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగం తలపన్నుతో, అక్షరాస్యత పరీక్షతో ఈ దోపిడీని చట్టం చేసింది.

రచయితగా నన్ను కలవరపెట్టేది మరొకటి. గెలిచినవారు ఈ దౌర్జన్యానికి ‘విమోచన’ అని పేరు పెట్టుకున్నారు. చరిత్రకారులు దశాబ్దాలపాటు దాన్నే వల్లించారు. కాంగ్రెస్ సభ్యుడిగా పనిచేసిన మిసిసిపీ నల్లజాతి నాయకుడు జాన్ లించ్ 1913లో, డుబాయిస్ 1935లో ఆ కథనాన్ని ఎదిరించి గ్రంథాలు రాశారు.

ఎవరికి విమోచన, ఎవరి నుంచి? ఈ ప్రశ్న అడగకుండా పాలకవర్గం మాటను అరువు తెచ్చుకునే కలం, ఆ ఓటును రెండోసారి దొంగిలిస్తుంది.