పులి పొడవు, సాక్ష్యం విలువ

వేటగాండ్ర వృత్తాంతాలను చరిత్రకు ఆధారంగా గ్రహించవచ్చునా అన్న ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కాని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల చరిత్ర వ్రాయబూనినవారికి అది తప్పించుకోరాని ప్రశ్న. ఈ సీమకు రాజకీయ చరిత్ర పుష్కలంగా ఉంది. 1565 యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులకు పెనుకొండ రాజధాని అయింది. హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ (రహ్మతుల్లాహి అలైహ్) దర్గా మూలంగా దక్కనులో ఆ ఊరి పేరు తెలియని ముస్లిము అరుదు. హైదర్ అలీ, టిప్పూల ఏలుబడి ముగిసిన పిదప 1800లో ఈ భూములను నిజాం కంపెనీవారికి అప్పగించాడు. ఇదంతా పుస్తకాలలో ఉన్నదే. ఈ కొండల మీద ఏ మృగాలు తిరిగేవి, ఎన్ని ఉండేవి, మనుషులు వాటి నడుమ ఎట్లా బ్రతికారు అన్నది మాత్రం ఫర్మానాలలో దొరకదు. దానికి దిక్కు వేటగాని మాట. ఆ మాటలో పులి ఎప్పుడూ పన్నెండడుగులే ఉంటుంది.

పొడవు సంగతికి ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. మన పల్లెలలో పెద్దపులినీ పులి అంటారు, చిరుతపులినీ పులి అంటారు. చెప్పేవాడు చిరుతనే చూసి ఉండవచ్చు. వినేవాడు పెద్దపులిని ఊహించుకుంటాడు. మూడో మనిషి నోటికి చేరేసరికి దానికి చారలు కూడా వస్తాయి. పాతకాలపు ఇంగ్లీషు దొరలు దీనికి మరొక చిక్కు చేర్చారు. మద్రాసు రాజధానిలో వారిలో చాలామంది చిరుతపులిని చీతా అని వ్రాశారు. చీతా వేరే మృగం. జింకల వెంట పరుగెత్తించడానికి నవాబులు పెంచినది. అందుచేత పాత కాగితాలలో చీతా అని కనబడగానే సంతోషపడి ఈ జిల్లాలో చీతాలు మెండుగా ఉండేవని వ్రాయడానికి వీల్లేదు. చిరుతలు, ఎలుగుబంట్లు ఈ కొండలలో ఇప్పటికీ ఉన్నవి. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఎవరికీ లేకుండానే ఒక్క మాట మూలంగా ఎంత అతిశయం పుడుతుందో చూడండి.

అనువాదకులకు ఈ బాధ మరీ ఎక్కువ. ఫార్సీలో షేర్ అంటే సింహం. పెద్దపులికి బబర్ అన్న మాట ఉంది. హిందూస్తానీలో షేర్ అంటే తరచు పెద్దపులే. పెనుకొండలోని షేర్‌ఖాన్ మసీదు పేరులో ఉన్న షేర్‌కు ఏ మృగం బొమ్మ వేయాలి? అది మనిషి పేరు కనుక బాధ లేదు. తుజుకె జహాంగీరీలోని షేర్‌ను తెలుగు చేసేటప్పుడు మాత్రం కలం ఆగుతుంది. ఇంగ్లీషు అనువాదకులు పులి అని వ్రాసిన చోట్ల కొన్నింటిలోనైనా అది సింహమై ఉండాలి. ఆ రోజులలో ఉత్తర హిందూస్తానంలో సింహాలు ఉండేవి మరి.

ఇక కొలత. చచ్చిన పులిని కొలవడానికి రెండు పద్ధతులు ఉన్నవి. పులిని నేలపై తిన్నగా చాచి పడుకోబెట్టి, ముక్కు కొన దగ్గర ఒక మేకు, తోక కొన దగ్గర ఒక మేకు పాతి, మృగాన్ని పక్కకు తీసి ఆ మేకుల నడుమ దూరం కొలవడం ఒకటి. టేపును ముక్కు నుంచి తల మీదుగా, వీపు ఎత్తుపల్లాల వెంబడి తోక చివరిదాకా పరచి కొలవడం రెండవది. రెండవ పద్ధతిలో అదే పులి కొన్ని అంగుళాలు పెరుగుతుంది. టేపును వదులుగా పట్టుకుంటే మరికొంత పెరుగుతుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే దానికి విలువ లేదు. అందులోనూ ఆ పొడవులో ఇంచుమించు మూడవవంతు తోకే. తోక పొడవుకూ పులి బలానికీ ఏ సంబంధమూ లేదు.

మృగాన్ని కాక చర్మాన్ని కొలిచినవారి సంగతి చెప్పనక్కరలేదు. పచ్చి తోలు సాగుతుంది. దానిని నిలువునా లాగి మేకులు కొట్టి ఎండబెడితే తొమ్మిదడుగుల పులి తోలు పదిన్నర, పదకొండడుగులు కావడం కష్టం కాదు. ధర్మవరంలో పట్టుచీర కొనేవారు మూర వేసేటప్పుడు బట్టను గుంజి పట్టుకుంటే నేతగాడు ఊరుకుంటాడా? పులి తోలు దగ్గర మాత్రం గుంజేవాడూ కొలిచేవాడూ ఒక్కడే, అడిగేవాడు లేడు. సాగనిది ఎముక. అందుకే విషయం తెలిసిన వేటగాండ్రు పుర్రె కొలతనే ఎక్కువగా నమ్మారు.

వైద్యుడూ జంతుశాస్త్రజ్ఞుడూ అయిన జెర్డన్ మద్రాసు సైన్యంలో పనిచేశాడు. నెల్లూరులో కూడా కొంతకాలం ఉన్నాడు. భారతదేశపు క్షీరదాలపై 1867లో ప్రకటించిన గ్రంథంలో ఆయన, ఎదిగిన మగపులి సాధారణంగా తొమ్మిది మొదలు తొమ్మిదిన్నర అడుగులు ఉంటుందనీ, పదడుగుల రెండు మూడు అంగుళాలకు మించిన దానికి నమ్మదగిన సాక్ష్యం తాను చూడలేదనీ వ్రాశాడు. పదకొండు, పన్నెండడుగుల కథలకు రుజువు కావాలన్నాడు. కుమావూఁలో జిమ్ కార్బెట్ 1930లో కాల్చిన పవల్‌గఢ్ పులి ఎంతో ప్రసిద్ధి చెందినది. అది కూడా ఒంపుల వెంబడి కొలిస్తే 10 అడుగుల 7 అంగుళాలు. ఏ పద్ధతిలో కొలిచాడో కార్బెట్ దాచలేదు. ఆయన మాటకు గౌరవం దక్కింది అందువల్లనే.

దొరల లోకంలో ఒక పరిహాసం ఉండేది: వైస్రాయి కాల్చిన పులిని కొలవడానికి ప్రత్యేకమైన టేపు ఉంటుందనీ, అందులో అడుగుకు పదకొండు అంగుళాలే ఉంటాయనీ. ఇది నిజమో కాదో గాని ఆ టేపు చేసే పని మాత్రం తెలుస్తుంది. అతిథి తొమ్మిదడుగుల రెండంగుళాల పులిని చంపితే దానిని పదడుగులని రాజ్యమంతా చాటవచ్చు. అబద్ధమాడింది అతిథి కాదు, కొలిచిన సేవకుడు కాదు, టేపు! మన వరంగల్లు జిల్లా నెక్కొండలో 1902లో కర్జన్ ప్రభువు వేటాడినప్పుడు లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రం నేటికీ నిలిచి ఉంది. వేటలో తీసే ఛాయాచిత్రాలలో ఒక కిటుకు సర్వసాధారణం: మృగాన్ని ముందు పెట్టి మనిషి వెనక్కు జరిగితే మృగం పెద్దదవుతుంది. ఛాయాచిత్రం అబద్ధమాడదనుకునేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ గొప్ప వేటగాడు. ముప్పై పులులను చంపినందుకు ఆయనను తీస్‌మార్‌ఖాన్ అన్నారని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఉర్దూ కథలలో మరో తీస్‌మార్‌ఖాన్ ఉన్నాడు. ఆయన చంపినవి ముప్పై ఈగలు. తెలుగువాడు ఎవణ్ణయినా తీస్‌మార్‌ఖాన్ అన్నాడంటే అది పొగడ్త కాదని మనకందరికీ తెలుసు. ప్రజల భాష పులులను వదలి ఈగలనే ఎంచుకున్నది.

పులుల లెక్క ఎట్లా వ్రాయాలో తెలియాలంటే జహాంగీర్ పాదుషా దగ్గరికి వెళ్లాలి. పన్నెండవ ఏట మొదలుకొని యాభయ్యవ ఏటి వరకు తన వేటలో పడిన మృగపక్షులను ఆయన తన వ్రాయసగాండ్రచేత లెక్క కట్టించాడు. మొత్తం 28,532, అందులో తన చేతితో చంపినవి 17,167. ఈ అంకెలు చూడగానే నోరు తెరవవలసిందే. కాని పద్దులోకి దిగితే నాలుగుకాళ్ల జంతువులు 3,203 మాత్రమే, షేర్‌లు 86. పావురాలే 10,348! గొప్పలకు వ్రాసుకునేవాడు పావురాలను పద్దులో చేర్చడు. ఈ పద్దును నేను నమ్మడానికి ఆ పావురాలే కారణం. మృగాలను తూకం వేయించడం, కొలిపించడం, కోయించి లోపల చూడడం జహాంగీర్‌కు అలవాటు. ఆయన హింసను మెచ్చుకోవలసిన పని లేదు. యాభై దాటాక తన చేతితో ఏ ప్రాణినీ చంపనని అల్లాహ్‌కు మాట ఇచ్చినవాడే ఆ మాటను చివరివరకు నిలుపుకోలేదు. అయినా సాక్షిగా ఆయన మంచి సాక్షి.

ఇంతకంటే మంచి సాక్షి సిరియా దేశపు ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్ (1095–1188). కితాబుల్ ఇఅతిబార్‌లో వేటకు ఆయన ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించాడు. తండ్రి తన చేతితో నలభైకి పైగా ఖుర్ఆన్ ప్రతులు వ్రాసినవాడు, వేటంటే ప్రాణం పెట్టేవాడు. ఉసామా స్వయంగా సింహాలతో తలపడినవాడు. అటువంటివాడు డమాస్కస్‌లో తాను చూసిన ఒక సంగతి దాచకుండా చెబుతాడు. అమీర్ ముఈనుద్దీన్ ఇంటి ప్రాంగణంలో సింహం ముందుకు ఒక పొట్టేలును వదిలారు. పొట్టేలు వెళ్లి సింహాన్ని కుమ్మింది. సింహం పారిపోయి కొలను చుట్టూ తిరిగింది, పొట్టేలు వెంట తరిమింది! సింహాన్ని గొప్ప చేస్తేనే తన గొప్ప పెరుగుతుందని ఉసామాకు తెలియదా? తెలుసు. అయినా చూసింది చూసినట్లు చెప్పాడు.

మన పూర్వులకు ఈ విచక్షణ కొత్తది కాదు. ఖడ్గమృగం పిల్ల తల్లి కడుపులో ఉండగానే తల బయటపెట్టి గడ్డి మేస్తుందన్న కథ ఒకటి జాహిజ్ పేర ప్రచారంలో ఉండేది. మస్ఊదీ (మరణం 956) దానిని అట్లాగే ఎత్తి వ్రాయలేదు. హిందూస్తానానికి వచ్చిపోయే సీరాఫ్, ఒమాన్ వాసులనూ, ఇక్కడ తనకు కనిపించిన వర్తకులనూ అడిగాడు. వారు ఆశ్చర్యపోయి, అది ఆవులాగా, గేదెలాగా ఈనుతుందని చెప్పారు. హదీసువేత్తలు ఉల్లేఖకుణ్ణి అడిగే ప్రశ్నలే ఇవి: నీవు చూశావా? ఎవరి నోట విన్నావు? అతనికి జ్ఞాపకశక్తి ఎటువంటిది? ఆ మాట వల్ల అతనికి లాభమేమిటి? విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధికుణ్ణి చేయడానికి చాలునన్న ప్రవక్త (స) హితవును ఇమామ్ ముస్లిమ్ తన సహీహ్ పీఠికలోనే చేర్చారు.

ఇది కవిత్వానికి వర్తించదు. లేపాక్షి పైకప్పు మీద అచ్యుతరాయల కాలపు చిత్రకారుడు కిరాతవేషంలోని శివుని వేటనూ, అడవిపందినీ చిత్రించాడు. ఆ పందిని ఎవరూ టేపు పట్టి కొలవరు. తెలుగు ప్రబంధకవి పందిని కొండంత చేస్తాడు. మనవారి బలాగత్ శాస్త్రంలో దానిని ముబాలగా అంటారు. వినేవానికి తెలిసి చేసే అతిశయోక్తిలో మోసం లేదు. వేటగాడు అంగుళాలతో సహా చెబుతాడు. మోసం ఆ అంగుళాలలో ఉంది.

ఇప్పుడు మనకు కొంచెం కష్టమైన సంగతి. తుపాకి పేలకపోతే టిప్పూ సుల్తాన్ బాకుతో పులిని చంపాడన్న కథ మన ఇళ్లలో పిల్లలందరికీ తెలుసు. దానిని చెప్పేవారు సాక్షి ఎవరో చెప్పరు. చోటు ఒకరు ఒకటి అంటే మరొకరు మరొకటి అంటారు. దొర వ్రాతను గీటురాయి మీద పెట్టి, మన కథను పెట్టకుండా వదలడం న్యాయం కాదు. టిప్పూ సింహాసనం మీద, సైనికుల దుస్తుల మీద, ఫిరంగుల మీద ఉన్న పులి గుర్తులు కళ్లెదుట నిలిచిన ఆధారాలు. ఇంగ్లీషు సైనికుని మీద పడిన కొయ్యపులి లండన్ మ్యూజియంలో ఉంది. ఆయన ధైర్యానికి 1799 మే 4 చాలు.

అవతలి పక్షం వ్రాతలనూ అదే విధంగా చూద్దాం. సర్ హెక్టర్ మన్రో కుమారుణ్ణి 1792 డిసెంబరులో బెంగాల్‌లోని సాగర్ ద్వీపంలో పులి చంపింది. కొయ్యపులి ఆ సంఘటనకు ప్రతిరూపమని కొందరి ఊహ. మరుసటి సంవత్సరం లండన్ పత్రికలో వచ్చిన ప్రత్యక్షసాక్షి లేఖలో ఆ పులి ఎత్తు నాలుగున్నర అడుగులు, పొడవు తొమ్మిదడుగులు. పొడవు సబబుగానే ఉంది. ఎత్తు మాత్రం కుదరదు. పెద్ద మగపులి భుజం దగ్గర మూడున్నర అడుగులకు మించడం అరుదు. స్నేహితుణ్ణి కళ్లెదుట ఎత్తుకుపోయిన మృగం ఆ కళ్లకు అడుగు ఎత్తు ఎక్కువగా కనిపించింది. ఈ తప్పును గొప్పల కోసం చెప్పిన అబద్ధంతో కలపరాదు. హదీసువేత్తలు కూడా పొరపాటు పడినవాణ్ణీ, కల్పించినవాణ్ణీ ఒకే గాటన కట్టలేదు.

వేట విషయంలో షరీఅత్ దృష్టి ఏమిటన్నది చాలామందికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. మాయిదా సూరాలో వేటకు అనుమతి ఉంది. ఇహ్రామ్‌లో ఉన్నవారికి భూమ్మీది వేట నిషిద్ధం. కోరలతో వేటాడే క్రూరమృగాల మాంసం నిషిద్ధం. ప్రాణమున్నదానిని గురిపెట్టే ఆటవస్తువుగా చేయడాన్ని ప్రవక్త (స) వారించారు. క్రూరమృగాల తోళ్లను పరచుకోవడాన్నీ, చిరుత తోళ్ల మీద స్వారీ చేయడాన్నీ కూడా వారించినట్లు అబూదావూద్ మొదలైన సంకలనాలలో ఉంది. ఊనిన తోలు పరిశుభ్రమేనన్న ఫిఖ్హ్ నియమం ఉండగా ఈ నిషేధం ఎందుకని చర్చించిన పండితులలో కొందరు దానికి అహంకారం కారణమన్నారు. ముతఫ్ఫిఫీన్ సూరా తనకు కొలుచుకునేటప్పుడు నిండుగా, ఇతరులకు కొలిచేటప్పుడు తక్కువగా కొలిచేవారిని ఖండిస్తుంది. హిందూపురం బెల్లం మండీలో కాటా దగ్గర నిలబడే వర్తకుడు ఆ సూరా తనను గురించేనని ఒప్పుకుంటాడు. గోడకు పులితోలు తగిలించినవాడు ఒప్పుకోడు.

అంకెల అతిశయం వేటగాండ్రతో ఆగలేదు. సర్గుజా మహారాజు తాను చంపిన పులులు 1,150 అని చెప్పుకున్నాడు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో దేశంలో 40,000 పులులు ఉండేవన్న మాట ఎన్నో పుస్తకాలలో కనిపిస్తుంది. దాని మూలం వెదికితే ప్రకృతి పరిశోధకుడు ఇ.పి. గీ వేసిన ఒక అంచనా. ఆయనకు దాని వెనుక ఏ గణాంకమూ లేదు. 1972లో లెక్కించినప్పుడు తేలినవి సుమారు 1,827. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఎన్ని ఉండి ఎన్ని పోయాయో సరిగా తెలుసుకోవాలంటే ఆ పాత అంకె అవసరం. సరిగ్గా అక్కడే మన చేతికి ఊహ తప్ప మరేమీ దొరకడం లేదు.

మన ప్రాంతపు వృద్ధులలో వేట చూసినవారు, చూసినవారి నోట విన్నవారు ఇంకా కొందరు ఉన్నారు. వారి మాటలు వ్రాసుకునేవారు పులి అన్నప్పుడు చారలా, మచ్చలా అని మొదట అడగాలి. కొలిచింది మృగాన్నా, తోలునా అని తర్వాత అడగాలి. ఎవరి ఇంటనైనా పుర్రె మిగిలి ఉంటే దాని కొలత వ్రాసుకోవాలి.