టోర్టియాలో ఆవకాయ

అమెరికా వచ్చిన కొత్తల్లో నేనూ, నా రూమ్మేట్లూ చపాతీ పిండి కలిపే ఓపిక లేక, మెక్సికన్ కొట్లో టోర్టియాలు కొని పెనం మీద వేడిచేసి ఆవకాయతో లాగించేవాళ్ళం. ఇదేదో మేమే కనిపెట్టామని అప్పట్లో తెగ ఫీలయ్యేవాడిని. కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

కాలిఫోర్నియాలో పనిచేసేటప్పుడు పక్క టీములో ఒకాయన ఇంటిపేరు సింగ్. లంచ్‌లో కనపడగానే హిందీలో పలకరించాను. ఆయనకి హిందీ ముక్క రాదు. "మా తాత పంజాబీ, నానమ్మ మెక్సికన్" అన్నాడు. "అయితే మీరు అసలు ఇండియన్ కాదన్నమాట" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

ఆ ఇబ్బందిలోనే వాళ్ళ చరిత్ర వెతుక్కుని చదివాను. 20వ శతాబ్దం మొదట్లో పంజాబ్ రైతులు కొన్ని వేలమంది ఈ పశ్చిమ తీరానికి వచ్చారు. దాదాపు అందరూ మగవాళ్ళే. చాలామంది నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వెనక్కెళ్దామనే వచ్చారు (మనలాగే!). 1917 చట్టంతో భారతీయుల వలసకి తలుపులు మూసేశారు. భార్యని తెచ్చుకునే దారి లేదు. తెల్లవాళ్ళని చేసుకుందామంటే కాలిఫోర్నియా వివాహ చట్టం అడ్డం. దాంతో ఇంపీరియల్ వ్యాలీలో చాలామంది, పత్తి ఏరడానికి వచ్చిన మెక్సికన్ కుటుంబాల అమ్మాయిలని పెళ్ళి చేసుకున్నారు. లైసెన్సిచ్చే గుమాస్తాకి ఇద్దరి ఒంటిరంగూ ఒకేలా కనపడితే చాలు.

ఇక 1923లో భగత్ సింగ్ తింద్ కేసు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడికే, చట్టం చెప్పే 'శ్వేతజాతీయుడు' కాదు కాబట్టి పౌరసత్వం కుదరదని సుప్రీంకోర్టు తేల్చేసింది. పౌరులయ్యే అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచే చట్టం ఉంది. అంటే నేల దున్నొచ్చు గానీ అది సొంతం కాదు. కొందరు ఇక్కడే పుట్టిన తమ పిల్లల పేరు మీద భూమి పెట్టుకున్నారు.

ఇంట్లో స్పానిష్. పిల్లలకి మరియా, హోసే లాంటి పేర్లు, పక్కన సింగ్. రోటీ, టోర్టియా ఒకే పొయ్యి మీద. సర్దుకుపోవడంలో వాళ్ళకి నూటికి నూరు మార్కులు వెయ్యాలి. అయినా పౌరసత్వానికి అర్హత రావడానికి 1946 దాకా ఆగాల్సొచ్చింది. ఆ చట్టం కూడా ఏడాదికి 100 మంది భారతీయులనే రానిచ్చింది.

నాకు అసలు గుచ్చుకున్నది ఆ తర్వాతి కథ. 1965 చట్టం వచ్చాక ఇండియా నించి కొత్తగా దిగినవాళ్ళలో చాలామంది ఈ కుటుంబాలని మనవాళ్ళని ఒప్పుకోలేదు. కోర్టు కాదన్నది చాలక మనమూ కాదన్నాం. ఆ రోజు లంచ్‌లో నేను చేసిందీ అదే.

కొత్త దేశానికి అలవాటు పడటం మన చేతిలో పని. మనవాడని ఒప్పుకోవడం మాత్రం ఎదుటివాడి చేతిలో ఉంటుంది. గ్రీన్ కార్డు క్యూలో నిలబడి రోజూ ఇదే గొణుక్కుంటాం. కానీ ఒక్కోసారి ఆ ఎదుటివాడు మనమేనని గుర్తుండదు..

తర్వాత ఆయన్ని కలిసి సారీ చెప్పాను. "మా ఇంట్లో చికెన్ కూర టోర్టియాతోనే తింటాం, ఓసారి రా" అన్నాడు. వెళ్ళాను, ఆవకాయ సీసా పట్టుకుని.