పరిశోధనవిద్య: నాడును నేడును



ఇటీవలి కాలమున విశ్వవిద్యాలయములనుండి యువకులును యువతులును మన చింతపల్లి కొండలకు వచ్చి, గూడెములలోని వృద్ధులను జేరి, పాటలను, కథలను, ఊళ్ల పేర్లను వ్రాసికొని పోవుచుండుట మీరు చూచుచునే యున్నారు. వీరెవరు? వీరికీ విద్య గఱపువారెవరు? దీనివలన మనకేమి ఫలము? అని నన్ననేకులు ప్రశ్నించిరి. వ్యాకరణ తర్కములను గురుముఖమున జదివి, పెక్కేండ్లు బడిపంతులుగా జీవించినవాడను గనుక, ఈ విద్యయొక్క చరిత్రమును నాకు దెలిసినంతవఱకు నేడు విన్నవించెదను.

వీరు డాక్టరు పట్టమునకై పాటుపడు పరిశోధక విద్యార్థులు. ఈ డాక్టరు వైద్యుడు కాడు, విద్వాంసుడు. ఏదేని యొక విషయమును గూర్చి అంతకుముందెవ్వరును జెప్పని సత్యమును సాక్ష్యములతో స్థాపించి గ్రంథము వ్రాసినవానికే యీ పట్టము లభించును. ఆ గ్రంథమును మనవారు సిద్ధాంతగ్రంథ మనుచున్నారు. ఈ పేరు నాకు మిక్కిలి యిష్టము. మన శాస్త్రములయందు పూర్వపక్షము లేక సిద్ధాంతము లేదు. ప్రతివాది మాటను ముందుగా నిష్పక్షపాతముగా జెప్పి, పిదప ఖండించి, ఆ పిమ్మటగాని తన మాట నిలుపరాదు. వాక్యార్థసభలయందు పండితులు చేసిన పని యిదియే.

పాశ్చాత్యులయందు ఈ సభకు సాటియైనది సెమినారు. ఈ మాట పుట్టుక వినదగినది. లాటిను భాషలో దీని మూలపదమునకు నారుమడి యని యర్థము. చోడినారు పోసి, అదనెఱిగి పీకి, చేనిలో నాటు మీకు ఇంతకంటె వివరింప బనిలేదు. జర్మనీ దేశమున 1787లో ఫ్రెడరిక్ వుల్ఫు అను పండితుడు హాలె విశ్వవిద్యాలయమున ప్రాచీనభాషల సెమినారును స్థాపించెను. 1810లో బెర్లిను విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట రాంకే యను చరిత్రకారుడచ్చట శిష్యులను జుట్టును గూర్చుండబెట్టుకొని, పాత పత్రములను వారి చేతికిచ్చి, ఇది వ్రాసినవాడెవడు? స్వయముగా జూచి వ్రాసెనా? విని వ్రాసెనా? వ్రాయుటవలన వానికేమి లాభము? అని పరీక్షింప నేర్పెను. గురువు చెప్పగా శిష్యుడు వల్లించుట పోయి, శిష్యుడు చదువగా తక్కినవారాక్షేపించుట వచ్చినది. ఈ పద్ధతి దేశదేశముల బ్రాకినది. అమెరికాలో మొదటి డాక్టరు పట్టమును 1861లో యేల్ విశ్వవిద్యాలయమిచ్చెను. ఆక్సుఫర్డు వంటి ప్రాచీనవిద్యాపీఠము 1917లో గాని దీని నంగీకరింపలేదు.

మన దేశమున కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు 1857లో పుట్టినను, అవి చిరకాలము పరీక్షలు జరుపు కచేరీలుగానే యుండినవి. తెలుగువారికై ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడయందు జన్మించి, 1930లో వాల్తేరు చేరినది. అచ్చట తెలుగుశాఖకు పింగళి లక్ష్మీకాంతముగారు పెద్దలై, చదువునకు గట్టి పునాది వేసిరి.

అయినను, మన కొండభాషలను మొదట శాస్త్రీయముగా బరిశీలించిన తెలుగు మహనీయుడు ఏ సెమినారునందును గూర్చుండినవాడు కాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడియం దుపాధ్యాయులు. సవరలతో మాటలాడవలెనను కోరికతో, ఆ భాష నెఱిగినవానిని ఇంటికి బిలిపించుకొని, స్వయంకృషిచే నేర్చిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఒక బడిపంతులింతటి కార్యము సాధించెనని తలచునప్పుడెల్ల నా యెద పొంగును. కాని యట్టివారు శతాబ్దమున కొక్కరు పుట్టుదురు. పనిని పదిమంది చేయవలెనన్నచో నారుమడి కావలెను.

ఆ నారుమడి మన భాషాశాస్త్రమునకు 1950 తరువాతి యేండ్లలో పూనాలోని దక్కను కళాశాలయం దేర్పడినది. కాత్రేగారి యాజమాన్యమున, అమెరికాలోని రాక్‌ఫెల్లరు ధర్మనిధి సాయముతో, వేసవి సెలవులలోను తక్కిన సెలవులలోను భాషాశాస్త్ర పాఠశాలలు జరిగినవి. నానా విశ్వవిద్యాలయముల యువకు లచ్చట గూడి, దేశవిదేశీయ గురువులయొద్ద పాఠములు వినిరి. తెలియని భాషను మాటలాడువానిని ఎదుట నుంచుకొని, ప్రశ్నలడిగి, ధ్వని ధ్వనికిని భేదమును విని గుర్తించుట ఈ విద్యయందు ప్రధానము. ఇచ్చట అక్షరమెఱుగని పల్లెవాడు గురువు, పట్టభద్రుడు శిష్యుడు.

ఆ తరమున ప్రసిద్ధులు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. వారు ఆంధ్రవిశ్వకళాపరిషత్తున తెలుగు చదివి, 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి. అనంతరము కొండదొరల భాషయైన కూబిని గూర్చి వ్యాకరణము రచించిరి. అది 1969లో హైదరాబాదున వెలువడినది. అందొక విశేషము నన్నబ్బురపఱచినది. మనము వ్రాతలో ‘ఱ’ అను శకటరేఫమును నిలుపుకొన్నను, నోట దానిని సాధురేఫముతో గలిపివేసితిమి. ఆ రెంటిని గలుపరాదని లక్షణకర్తలు శాసించిరి. మా గురువులు బెత్తముతో నేర్పిరి. వినిపించి చూపినవారు మాత్రము లేరు. తెలుగునోట మాసిపోయిన యట్టి భేదము కొండదొరల నోట నిలిచియుండెను! మైదానమువారు అనాగరికమని చులుకన చేసిన పలుకు, మన ప్రాచీనభాషకు సాక్షియైనది. ఈ సంగతి నేర్చిన చెవికి గాని వినబడదు. శిక్షణముయొక్క ప్రయోజన మిదియే.

కృష్ణమూర్తిగారి సంపాదకత్వముననే వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశము 1962లోను, చేనేత పదములతో రెండవ సంపుటము 1971లోను వెలసినవి. నాగలి భాగముల పేర్లు జిల్లాజిల్లాకు నెట్లు మాఱునో రైతులనే యడిగి వ్రాసికొనిరి. ఉస్మానియాయందు బిరుదురాజు రామరాజుగారు స్త్రీలపాటలను, పనిపాటలను డాక్టరు పట్టమునకు దగిన విషయముగా గైకొనిరి. వారి తెలుగు జానపదగేయ సాహిత్యము 1958లో గ్రంథమైనది. దంపుళ్లపాటకు విశ్వవిద్యాలయ సభలో నాసన మబ్బినది.

చరిత్రమునకు వచ్చినచో మన యూరి మాటయే చాలును. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుఠాణాపై బడి తుపాకులు గొనిపోయెను. మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. డేవిడ్ ఆర్నాల్డు అను ఆంగ్లచరిత్రకారుడు 1839 మొదలు 1924 వఱకు జరిగిన గూడెం, రంప పితూరీలను గూర్చి 1982లో నొక వ్యాసము ప్రకటించెను. అట్టివారికి ముఖ్యాధారములు సర్కారు కాగితములు. పోడు నరికినవాడు తన మాట కాగితముపై బెట్టలేదు. వానిని బట్టుకొన్న యధికారి పెట్టెను. కావున శిక్షితుడైన విద్యార్థి ఆ కాగితమును శత్రువు సాక్ష్యముగా జదివి, అందలి నిజమును వడగట్టవలెను. మన తార్కికులు ఆప్తవాక్యమునే ప్రమాణమనిరి. ఆప్తుడెవడని తేల్చుటయే కష్టము. అట్లే, తాతలవలన వినిన కథను సైతము పరీక్షింపకయే నమ్మరాదు. బాటపనికి గూలి సరిగా నీయలేదన్న మాట, అడవి చట్టములు పోడు నడ్డగించెనన్న మాట గూడెముల నోటను కచేరీ కాగితములను గూడ నున్నచో, ఆ చరిత్రము నెవ్వడు కదలింపగలడు?

ఇక నేటి యేర్పాటు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో, పట్టము కోరువారు ముందుగా నొక యర్ధసంవత్సరమైనను పాఠములు వినితీరవలెనని విధించెను. 2022 నియమములు ఆ విధి నుంచినవి, ఎం.ఫిల్. అను చిన్న పట్టమును మాత్రము తీసివేసినవి. పరిశోధనపద్ధతి, పూర్వగ్రంథ పరిశీలనము, పరిశోధకుని ధర్మము పాఠ్యములు. గ్రంథచౌర్యమునకు దండన కలదు. సిద్ధాంతగ్రంథమును బయటి పండితులు పరీక్షింతురు; తుదకు సభలో ప్రశ్నలకు బదులు చెప్పవలెను.

ఇంతయు బాగుగనే యున్నది. కాని కొన్నియేండ్ల క్రిందట నొక పరిశోధకుడు మా ప్రాంతపు గూడెమున నొక ముదుసలియొద్ద రెండుదినములు పాటలు వ్రాసికొని పోయెను. పిదప జాబైన రాలేదు. ఆమె గతించినది. ఆమె మనుమరాండ్రకు ఆ పాటలు రావు. అవి యే పట్టణమున, ఏ పెట్టెలో నున్నవో! పాఠములెన్ని వినినను, తీసికొన్నదానిని తిరిగి యీయవలెనను బుద్ధి లేనిచో నా విద్య సగమే.

కావున పెద్దలారా, వచ్చిన పిల్లలను వెళ్లగొట్టకుడు, ఊరకయు విడువకుడు. నీ గురువెవరు, ఏ విషయముపై వ్రాయుచున్నావని యడుగుడు. చెప్పినవారి పేరు, వారు సమ్మతించినచో, గ్రంథమున జేర్పుమనుడు. పట్టినపాట ప్రతి నొకదానిని, ముగిసిన గ్రంథమును మన బడికి బంపుమనుడు. సిద్ధాంతగ్రంథములు శోధగంగ యను భాండారమున జేర్పబడుచున్నవి. బడిపంతులచే దెఱపించి, చదివించి వినుడు. తప్పున్నచో జాబు వ్రాయింపుడు. అదియే మీ పూర్వపక్షము.

అంతకంటె మేలైన మాట యొకటి కలదు. 2019లో కేంద్రగిరిజన విశ్వవిద్యాలయము విజయనగరమున వెలసినది. మన మనుమలును మనుమరాండ్రును అట్టిచోట్ల నీ విద్య నేర్చి, తమ యవ్వల పాటలను తామే విని వ్రాయుదురుగాక. కొండనేలలో బోసిన నారు కొండనేలకు జక్కగా నంటును. వారిని చదివింపుడు, వారు మరల వచ్చి ప్రశ్నించునప్పుడు, విసుగక బదులు చెప్పుడు.