పురుగు మందు, బోరు, సంపు: రైతు ఇంట్లో చిన్న పిల్లల భద్రత

హైదరాబాద్ పాతబస్తీలోని కంచన్‌బాగ్, దాని పక్కనున్న సంతోష్‌నగర్, చంపాపేట ప్రాంతాల్లో ఇల్లు ఉండి, సాగర్ రోడ్డు వైపో శ్రీశైలం రోడ్డు వైపో ఊళ్లో పొలం చూసుకునే కుటుంబాలు ఉన్నాయి. ఇలాంటి ఇళ్లలో చిన్న పిల్లలకు రెండు చోట్లా ప్రమాదం పొంచి ఉంటుంది. నగరంలోని ఇంట్లో సంపు, నీళ్ల డ్రమ్ములు, మిద్దె తోట కోసం తెచ్చిన మందులు ఉంటాయి. సెలవులకు ఊరెళితే బోరు, బావి, స్టార్టరు డబ్బా, ట్రాక్టరు ఉంటాయి.

ఐదేళ్లలోపు పిల్లల ప్రాణం తీసే ప్రమాదాల్లో చాలావాటికి కారణం ఒక్కటే: మూత లేకపోవడం, లేదా మూత తీసి మళ్లీ పెట్టకపోవడం. మందు సీసాకు మూత, బోరుకు మూత, సంపుకు మూత సరిగా ఉంటే పెద్ద ప్రమాదాలు చాలావరకు తప్పుతాయి. ఖర్చు తక్కువ. కావలసింది అలవాటు.

వయసును బట్టి ప్రమాదం

- 6 నుంచి 12 నెలలు: పాకుతూ నేల మీద దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. గుళికలు, శుద్ధి చేసిన విత్తనాలు, ఎలుకల మందు బిళ్లలు ఈ వయసు వారికి ఎక్కువ ప్రమాదం.
- 1 నుంచి 2 ఏళ్లు: నడుస్తారు, బకెట్టులోకి, డ్రమ్ములోకి తొంగి చూస్తారు. తల బరువు ఎక్కువ కాబట్టి ముందుకు పడితే మళ్లీ లేవలేరు. రెండు అంగుళాల నీళ్లున్నా ఊపిరి ఆగిపోవచ్చు.
- 3 నుంచి 5 ఏళ్లు: పెద్దవాళ్లు చేసేది చూసి చేస్తారు. సీసా మూత తిప్పుతారు, కుర్చీ వేసుకుని అటక అందుకుంటారు, మోటారు బటన్ నొక్కుతారు. ఏడాది కిందట అందనిది ఇప్పుడు అందుతుందని గుర్తుంచుకోవాలి.

పురుగు మందులు: సీసా మార్చడమే పెద్ద తప్పు

2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. వంట వస్తువులూ పురుగు మందులూ ఒకే చోట చేరితే ఏమవుతుందో ఆ ఘటన చూపించింది. ఇళ్లలోనూ ఇలాంటి తప్పు వేరే రూపంలో జరుగుతుంది. లీటరు మందు కొని, సగం వాడి, మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి నగరానికి తెస్తారు. మిద్దె మీద గులాబీకో, బెండకో కొట్టుకోవచ్చని దాచిపెడతారు. దాహం వేసిన పిల్లవాడికి అది కూల్‌డ్రింకే.

పాటించాల్సినవి:

- మందును ఎప్పుడూ కంపెనీ సీసాలోనే, లేబుల్‌తోనే ఉంచాలి. నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ సీసా, నూనె డబ్బా, టీ గ్లాసులో కొంచెం సేపటికి కూడా పోయకూడదు.
- పొరుగు రైతుకు పావు లీటరు కావాలంటే విడిగా పోసి ఇవ్వకండి. చిన్న ప్యాకింగ్ కొనుక్కోమని చెప్పండి. మీరూ ఆ పంటకు సరిపడా మాత్రమే కొనండి.
- మందులకు తాళం వేసే ఇనుప పెట్టె లేదా బీరువా ఉండాలి. వంటగదిలో, మంచం కింద, ధాన్యం బస్తాల పక్కన, బాత్‌రూం కిటికీలో పెట్టకూడదు. ఎత్తులో పెడితే చాలదు, తాళం ఉండాలి.
- లేబుల్ మీద రంగు గుర్తు చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, ఆపై నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన పిల్లలకు ప్రమాదం లేదని కాదు.
- ఖాళీ సీసాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయర్ ట్యాంకులోనే పోయాలి. తర్వాత సీసాకు రంధ్రాలు చేసి పారేయాలి. నీళ్లు పట్టడానికీ, పిల్లలు ఆడుకోవడానికీ ఇవ్వకూడదు. కాల్చకూడదు.
- మందు కొట్టి వచ్చాక బట్టలు మార్చి, స్నానం చేసిన తర్వాతే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

కలుపు మందుల్లో పారాక్వాట్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దీనికి విరుగుడు లేదు. ఒక గుక్క మింగినా ప్రాణం పోవచ్చు. ఎలుకల కోసం వాడే పచ్చ భాస్వరం పేస్టుకు కూడా విరుగుడు లేదు. తిన్న మొదటి రోజు పిల్లలు బాగానే ఉన్నట్టు కనిపించి, కొన్ని రోజుల తర్వాత కాలేయం దెబ్బతింటుంది. అందుకే "ఏమీ కాలేదు కదా" అని ఇంట్లో ఆగకూడదు. పిల్లలున్న ఇంట్లో ఎలుకలకు పేస్టు బదులు బోను వాడడం మేలు.

పత్తి, మొక్కజొన్న వంటి శుద్ధి చేసిన విత్తనాలకు ఎరుపు, గులాబీ రంగు వేసి ఉంటుంది. పిల్లలకు అవి చాక్లెట్ గోళీల్లా కనిపిస్తాయి. విత్తగా మిగిలిన ప్యాకెట్టు కూడా మందుల పెట్టెలోకే వెళ్లాలి. పెరట్లో, మిద్దె మీద ఉన్న గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం గింజలు, అడవి ఆముదం కాయలు కూడా విషమే. పిల్లలు ఆడే చోట ఇవి లేకుండా చూసుకోవాలి.

బోర్లు: నీరు పడకపోయినా మూత వేయాల్సిందే

2017 జూన్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప మూత లేని బోరులో పడింది. రోజుల తరబడి ప్రయత్నించినా కాపాడలేకపోయారు. 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు అప్పుడే వేసిన, నీరు పడని బోరులో పడి చనిపోయాడు. మొదటిది ఎప్పటి నుంచో మూత లేకుండా ఉన్న బోరు, రెండోది రిగ్గు వెళ్లిన కాసేపటికే ప్రాణం తీసిన బోరు. అంటే మూత వేయడానికి రేపటి వరకు ఆగే సమయం ఉండదు.

2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం:

- బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. తెలంగాణలో వాల్టా చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి.
- తవ్వే చోట బోర్డు పెట్టి, చుట్టూ ముళ్ల కంచె లేదా అడ్డు ఏర్పాటు చేయాలి.
- కేసింగ్ పైపు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి.
- పైపు నోటికి ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయాలి, లేదా బోల్టులతో బిగించే గట్టి మూత పెట్టాలి.
- మోటారు మరమ్మతు కోసం పైకి తీసినప్పుడు కూడా బోరును తెరిచి వదలకూడదు.
- పనికిరాని బోరును మట్టి, ఇసుక, కంకర, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం వరకు పూడ్చాలి.

గోనెసంచి కట్టడం, బండరాయి పెట్టడం, ముళ్లకంప వేయడం మూత కిందికి రావు. సంచి చివికిపోతుంది, రాయిని ఎవరో పక్కకు జరుపుతారు. రిగ్గు వాళ్లతో బేరం మాట్లాడేటప్పుడే మూత సంగతి మాట్లాడుకోండి. మూత బిగించాకే మిగతా డబ్బు ఇవ్వండి. కొన్న పొలంలో, కౌలుకు తీసుకున్న పొలంలో పాత బోర్లు ఎక్కడున్నాయో మొదటి రోజే అడిగి చూసుకోండి.

ఎవరైనా పడితే వెంటనే 112కు ఫోన్ చేయాలి. గుంపును దూరంగా ఉంచాలి, లేదంటే అంచు మట్టి లోపల పడుతుంది. కొక్కేలు, ఇనుప చువ్వలు దింపకూడదు. దగ్గర ఒక్కరే ఉండి పిల్లలతో మాట్లాడుతూ ఉండాలి.

నీళ్లు: సంపు, డ్రమ్ము, నీటి కుంట

జలమండలి నీళ్లు రోజూ రాని బస్తీల్లో ప్రతి ఇంటికీ సంపు, నాలుగైదు డ్రమ్ములు ఉంటాయి. నీళ్లు వచ్చే సమయంలో సంపు మూత తీసి, పైపు వేసి, మరో పనిలో పడతాం. పిల్లలు పడేది అప్పుడే.

- సంపు మూత పిల్లలు ఎత్తలేనిదిగా, తాళం వేసేదిగా ఉండాలి. తుప్పు పట్టిన రేకును మార్చాలి.
- మూత తెరిచి ఉన్నంతసేపు పెద్దవాళ్లు ఒకరు అక్కడే ఉండాలి. మూత కింద గట్టి ఇనుప జాలీ బిగిస్తే మరీ మంచిది.
- డ్రమ్ములకు బిగించే మూతలు ఉండాలి. వాడని బకెట్లు బోర్లించి పెట్టాలి.
- మిద్దె తోట ఉంటే పిట్టగోడ కనీసం మూడున్నర అడుగుల ఎత్తు ఉండాలి. కుండీలు, స్టూళ్లు గోడకు ఆనించి పెట్టవద్దు, పిల్లలు వాటి మీదికి ఎక్కుతారు.
- పొలంలో ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటలో పడితే పెద్దవాళ్లు కూడా జారిపోతారు. చుట్టూ కంచె, గేటు ఉండాలి. నాలుగు వైపులా ముడులు వేసిన తాడు లోపలికి వేలాడదీయాలి.

కరెంటు, యంత్రాలు, మంట, పాములు

- స్టార్టరు డబ్బాకు తలుపు, తాళం ఉండాలి. ఎర్తింగు ఏటా చూపించుకోవాలి. ఇంటి మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి.
- బకెట్టులో హీటరు రాడ్డు పెట్టినప్పుడు పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.
- ట్రాక్టరు మడ్‌గార్డు మీద, డ్రైవరు ఒడిలో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. వెనక్కు తీసేముందు దిగి చూడాలి. ఆపాక తాళం చెవి జేబులో వేసుకోవాలి.
- గంజి, సాంబారు, వేడి నీళ్ల గిన్నెలు నేల మీద పెట్టకూడదు.
- నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
- పొలం దగ్గర పిల్లల్ని నేల మీద పడుకోబెట్టకూడదు. మంచం వేసి, దోమతెర అంచులు పరుపు కిందికి మడవాలి. కట్లపాము రాత్రి నిద్రలో కాటు వేస్తుంది, గాటు సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం ఉంటే పాము కాటని అనుమానించాలి.

ప్రమాదం జరిగితే

మందు మింగితే: నోరు కడిగి, వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకూడదు. కిరోసిన్ తాగినప్పుడు ఇలా చేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు సీసాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టరుకు విరుగుడు నిర్ణయించడానికి అదే ఆధారం. చొంగ కారడం, చెమటలు, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం పురుగు మందు విషానికి ముఖ్య లక్షణాలు. ఒంటి మీద పడితే బట్టలు తీసి సబ్బునీళ్లతో బాగా కడగాలి.

నీళ్లలో పడితే: తలకిందులుగా వేలాడదీసి తిప్పకూడదు. గట్టి నేల మీద పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి అందిస్తూ ఛాతీ మధ్య నొక్కాలి. 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊపిరి ఇవ్వాలి. అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు.

కాలితే: 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచాలి. పేస్టు, పసుపు, సిరా రాయకూడదు.

పాము కరిస్తే: గట్టిగా కట్టు కట్టడం, కోయడం చేయకూడదు. కాలు, చెయ్యి కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కంచన్‌బాగ్‌లోనే ఒవైసీ ఆసుపత్రి, అపోలో డీఆర్‌డీవో ఆసుపత్రి ఉన్నాయి. పిల్లలకు ప్రభుత్వ పెద్దాసుపత్రి నీలోఫర్. ఊళ్లో ఉన్నప్పుడు దగ్గరి ఏరియా ఆసుపత్రి ఎక్కడుందో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

ఫోన్ నంబర్లు గోడ మీద రాసుకోండి

- అంబులెన్సు: 108
- అత్యవసర సహాయం: 112
- విషాలపై సలహా, ఢిల్లీ ఎయిమ్స్ జాతీయ కేంద్రం: 1800 116 117

వారానికోసారి చూసుకోవలసినవి

1. మందుల పెట్టెకు తాళం ఉందా? లేబుల్ లేని సీసా ఏదైనా ఇంట్లో ఉందా?
2. సంపు మూత గట్టిగా ఉందా? డ్రమ్ములన్నిటికీ మూతలున్నాయా?
3. పొలంలోని ప్రతి బోరుకు, వాడనివాటికి కూడా, బిగించిన మూత ఉందా?
4. స్టార్టరు డబ్బా మూసి ఉందా? ట్రాక్టరు తాళం ఎక్కడుంది?
5. పిల్లల్ని చూసుకునే నానమ్మ, తాతయ్యలకు, జీతగాడికి ఈ విషయాలు చెప్పారా?

సెలవులకు పిల్లల్ని ఊరికి పంపేముందు ఒకసారి మీరే వెళ్లి పొలం, పెరడు తిరిగి చూడండి. మోకాళ్ల మీద కూర్చుని పిల్లల ఎత్తు నుంచి చూస్తే, మనం నిలబడి చూసినప్పుడు కనిపించనివి కనిపిస్తాయి.