పక్షమా, మార్గమా? – 1970 నాటి తెలుగు రచయితల్లో హింసపై చర్చ

రాజకీయ హింస గురించి ఒక సాహిత్య సమాజం ఎలా వాదించుకుంటుందో తెలుసుకోవడానికి 1970 నాటి తెలుగు రచయితల చరిత్ర ముఖ్యమైన ఆధారం. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి వద్ద, గిరిజన మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్న భూస్వాముల వర్గం కాల్పుల్లో మరణించారు. ఆ తర్వాత గిరిజనోద్యమం క్రమంగా సాయుధ పోరాటంగా మారింది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా విద్యార్థులు పంచిన కరపత్రం, రచయితలు ఎవరి పక్షమో తేల్చుకోవాలని నిలదీసింది. జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది.

ఆ ప్రశ్న స్వరూపం గమనించదగినది. అది పక్షాన్ని అడిగింది, మార్గాన్ని అడగలేదు. నిజానికి మార్గంపై వివాదం విప్లవ శిబిరంలోనే ఉంది. సాయుధ పోరాటాన్ని అంగీకరించిన తరిమెల నాగిరెడ్డి, చారు మజుందార్ ప్రతిపాదించిన వర్గశత్రు నిర్మూలన పంథాను వ్యతిరేకించారు. పక్షం, మార్గం వేర్వేరు ప్రశ్నలని దీన్నిబట్టి స్పష్టమవుతుంది.

1971లో ప్రభుత్వం జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలులో పెట్టింది. అక్షరాన్నీ ఆయుధాన్నీ ఒకే గాటన కట్టిన ఈ చర్య కూడా ఆ రెండు ప్రశ్నలను కలిపివేసింది. సహచరులు జైలులో ఉండగా పంథాను విమర్శించడం ద్రోహంగా తోచే వాతావరణం ఇలాంటప్పుడే ఏర్పడుతుంది.

కనుక ఆ కాలపు తీవ్రతను కవితల్లోని పిలుపుల్లో మాత్రమే వెతకడం చాలదు. ఏ ప్రశ్నకు చోటు లేకుండా పోయిందో కూడా పరిశోధకులు పరిశీలించాలి.