కంప్యూటరును ఆపివేసిన వేడిమి

బల్లమీద పెట్టుకొని పనిచేసే కంప్యూటరు ఒక్కొక్కప్పుడు నడి పనిలో స్తంభించిపోవును. తెరమీది అక్షరములు అట్లే నిలిచిపోవును. మీటలు ఎన్ని నొక్కినా ఫలితముండదు. పెట్టెమీద చేయి వేసి చూచినవారు "వేడెక్కి ఆగిపోయినది" అని వెంటనే తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు కొన్నిసార్లు నిజము, కొన్నిసార్లు తొందరపాటు. వేడిమికి, కంప్యూటరుకు గల వైరము నిన్న మొన్నటిది కాదు. ఎలక్ట్రానిక్ కంప్యూటరు పుట్టిననాడే అదికూడ పుట్టినది. ఆ చరిత్ర తెలిసినచో, ఆగిపోయిన యంత్రమును ఎట్లు పరీక్షించవలెనో కూడ తెలియును.

వేడిమి ఎక్కడినుండి వచ్చును?

విద్యుత్తుతో నడిచే పంకా గాలిని కదలించును. మోటారు బావిలోని నీటిని పైకి తోడును. కంప్యూటరు ఏ బరువును ఎత్తదు, ఏ బండిని లాగదు. అది చేయునదల్లా సున్నలను ఒకట్లుగా, ఒకట్లను సున్నలుగా మార్చుట. అందువలన దానికి అందించిన విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు చివరకు వేడిమిగా మారును. 200 వాట్ల విద్యుత్తును తీసికొను కంప్యూటరు, 200 వాట్ల హీటరు ఎంతగా గదిని వేడిచేయునో దాదాపు అంతగానే వేడిచేయును. ఈ వేడిమిని పుట్టకుండ చేయుట సాధ్యము కాదు. తగ్గించుట, బయటికి పంపుట అను రెండు మార్గములు మాత్రమే ఉన్నవి. కంప్యూటరు చరిత్రలో ఎక్కువ భాగము ఈ రెండింటి చరిత్రయే.

పద్దెనిమిది వేల దీపములు

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఎనియాక్ అను గణనయంత్రమును లోకమునకు చూపించినారు. దానిని నిర్మించినవారు జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్. అందులో సుమారు 18,000 శూన్యనాళికలు ఉండెను. పాత రేడియోలలో 'వాల్వులు' అని పిలువబడినవి ఇవియే. ప్రతి నాళికలోను ఒక సన్నని తీగ ఎర్రగా కాగినగాని ఎలక్ట్రానులు వెలువడవు. అనగా ఈ యంత్రములో వేడిమి ఉపఫలము మాత్రమే కాదు, పని జరుగుటకు అవసరము కూడ. యంత్రమంతటికి సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తు కావలసి వచ్చెను.

ఇన్ని నాళికలతో యంత్రము నడవదని అప్పట్లో అనేకులు సందేహించినారు. ఆ సందేహము నిరాధారము కాదు. ఒక్కొక్క నాళిక సగటున 3,000 గంటలు పనిచేయునని అనుకొందము. 18,000 నాళికలు ఒకేసారి వెలుగుచున్నచో, సగటున పది నిమిషములకు ఒకటి చొప్పున చెడిపోవలెను. ఏ లెక్కయు పూర్తికాకముందే యంత్రము ఆగిపోవును.

ఎకర్ట్ దీనికి మూడు ఉపాయములు చేసినాడు. నాళికలను వాటి పూర్తి శక్తితోగాక, చాల తక్కువ విద్యుత్తుతో నడిపించినాడు. వేడిగాలిని తరిమివేయుటకు పెద్ద పంకాలను అమర్చినాడు. వేడిమి హద్దు మీరినచో విద్యుత్తు దానంతట అదే ఆగిపోవునట్లు ఉష్ణోగ్రతను కనిపెట్టే మీటలను పెట్టినాడు. అనుభవముమీద నాలుగవ సంగతి కూడ తెలిసినది. నాళికలు ఎక్కువగా చెడిపోవునది యంత్రమును వెలిగించునప్పుడు, ఆర్పునప్పుడు. తీగ వేడెక్కి వ్యాకోచించి, చల్లబడి సంకోచించుటచే బలహీనపడును. కనుక యంత్రమును సాధ్యమైనంతవరకు ఆర్పకుండ ఉంచినారు. ఈ జాగ్రత్తలవలన రెండు రోజులకు ఒక నాళిక చొప్పున మాత్రమే చెడిపోసాగినది. 1954లో ఒకసారి 116 గంటలు అవాంతరము లేకుండ యంత్రము పనిచేసినది. 1955 అక్టోబరు 2న దానికి శాశ్వత విశ్రాంతి ఇచ్చినారు.

ఎనియాక్ సెకనుకు 5,000 కూడికలు చేయగలిగెను. 150 కిలోవాట్లను ఈ సంఖ్యతో భాగించినచో ఒక్కొక్క కూడికకు 30 జౌళ్ల శక్తి వచ్చును. మూడు కిలోగ్రాముల బరువును ఒక మీటరు ఎత్తు లేపుటకు కావలసిన శక్తి ఇది. రెండు అంకెలను కూడుటకు ఇంత మూల్యము!

తీగ చల్లబడినది, సమస్య చల్లబడలేదు

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీ అను శాస్త్రజ్ఞుల కృషివలన ట్రాన్సిస్టరు అవతరించినది. 1956లో ఆ ముగ్గురికి నోబెల్ బహుమానము లభించినది. ట్రాన్సిస్టరులో కాగవలసిన తీగ లేదు. వేడిమి సమస్య ఇక తీరినట్లే తోచినది.

కాని తొలి ట్రాన్సిస్టర్లు జెర్మేనియం అను అర్ధవాహకముతో చేయబడినవి. దానికి ఒక దుర్గుణమున్నది. ప్రసరించకూడని వేళ కూడ కొద్దిపాటి విద్యుత్తు దానిగుండా కారిపోవును. వేడిమి పెరిగినకొద్ది ఈ కారుడు పెరుగును. కారుడు పెరిగినకొద్ది వేడిమి మరింత పెరుగును. చివరకు ట్రాన్సిస్టరు తన్ను తానే కాల్చుకొనును. 1954లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో గోర్డన్ టీల్ సిలికాన్ ట్రాన్సిస్టరును తయారుచేసినాడు. సిలికాన్ అంతకంటె ఎక్కువ వేడిమికి ఓర్చుకొనును. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ అనేక విద్యుత్ భాగములను ఒకే తునకమీద కూర్చు విధానములను కనిపెట్టినారు. అదియే నేడు చిప్పు అనబడుచున్నది.

ఒక్కొక్క భాగము పుట్టించే వేడిమి తగ్గినది. కాని భాగములు దగ్గర దగ్గరగా చేరినవి, వాటి సంఖ్య పెరిగినది, వేగము పెరిగినది. మిగిలినదంతయు మరల ఖర్చయినది. 1976లో వచ్చిన క్రే-1 అను మహాగణకము సుమారు 115 కిలోవాట్ల విద్యుత్తును తీసికొని, శీతలీకరణ యంత్రము లేనిదే పనిచేయలేకపోయెను. 1985 నాటి క్రే-2లో విద్యుత్ ఫలకములను విద్యుత్తు ప్రవహించని ఒక ద్రవములోనే ముంచవలసి వచ్చినది. మన దేశములోను ఆనాటి కంప్యూటర్లు సాధారణముగా చల్లని గదులలోనే ఉండెడివి. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1969లో టి.డి.సి.-12 కంప్యూటరును సిద్ధము చేసిన కాలములో, కంప్యూటరు గది అనగానే చల్లగాలి యంత్రమున్న గది అనియే అర్థము.

పంకా లేని పెట్టె

1970వ దశకము చివర కంప్యూటరు ఆ చల్లని గదిని విడిచి బల్లమీదికి వచ్చినది. అప్పుడు జరిగిన ఒక ఉదంతము చాల బోధకమైనది.

ఆపిల్ సంస్థ 1977లో అమ్మకమునకు పెట్టిన ఆపిల్-2లో పంకా లేదు. రాడ్ హోల్ట్ అను ఇంజనీరు, తక్కువ వేడిమిని పుట్టించే విద్యుత్ సరఫరా పెట్టెను దానికి రూపొందించుటచే పంకా అవసరము లేకపోయినది. సంస్థ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్‌కు పంకా చప్పుడు నచ్చదు. 1980 మే నెలలో ప్రకటించిన ఆపిల్-3లో కూడ పంకా ఉండరాదని నిర్ణయమైనది. గాలి రంధ్రములు కూడ లేవు. అల్యూమినియముతో పోతపోసిన దిమ్మవంటి అడుగుభాగము లోపలి వేడిమిని గ్రహించి బయటికి పంపునని ఆలోచన. అల్యూమినియము ఉత్తమ ఉష్ణవాహకమే. కాని యంత్రములో భాగములు ఎక్కువ; చోటు తక్కువ.

కొన్నవారివద్ద యంత్రములు ఆగిపోసాగినవి. చిప్పులు గూళ్లలో బిగించి ఉండెను. వేడెక్కినప్పుడు వ్యాకోచించి, ఆర్పినప్పుడు సంకోచించి, అవి రోజురోజుకు వెంట్రుకవాసి చొప్పున గూళ్లనుండి పైకి జరిగెడివి. స్పర్శ తప్పినప్పుడు యంత్రము స్తంభించెడిది. దీనికి చెప్పబడిన చికిత్స విచిత్రమైనది. యంత్రమును మూడు అంగుళములు పైకెత్తి బల్లమీద పడవేయవలెను! ఆ కుదుపుకు చిప్పులు మరల గూళ్లలో కూర్చుండును. ఇందులో హేతువు లేకపోలేదు. కాని అది రోగలక్షణమునకు మందే గాని, రోగమునకు కాదు.

మరి రోగమేది? ఇక్కడ అభిప్రాయభేదమున్నది. పంకా లేకపోవుటయే కారణమని లోకులు నిశ్చయించినారు. పెట్టెకు రూపకల్పన చేసిన జెర్రీ మానక్ దానిని అంగీకరించలేదు. పెట్టె తన వేడిమిని చక్కగా బయటికి పంపుచున్నట్లు పరీక్షలలో తేలినదని, అసలు దోషము విద్యుత్ ఫలకములోనే ఉన్నదని ఆయన వాదించినాడు. ఆ ఫలకముమీద రాగి గీతలు అతి సన్నముగా, అతి దగ్గరగా ఉండెను. ఆనాటికి ఆ పని బాగుగా చేయి తిరిగినది కాదు. టంకము పోయునప్పుడు ఒక గీతనుండి పక్క గీతకు సన్నని వంతెనవలె అంటుకొనెడిదని ఆయన చెప్పినాడు.

కారణమేదైనను సంస్థకు నష్టము తప్పలేదు. తొలి యంత్రములు సుమారు 14,000 మార్చి ఇయ్యవలసి వచ్చినది. 1981లో సవరించిన యంత్రము వచ్చినను పోయిన నమ్మకము తిరిగి రాలేదు. 1984లో ఆపిల్-3 అమ్మకము ముగిసినది. 1981 ఆగస్టులోనే విద్యుత్ సరఫరా పెట్టెలో చప్పుడు చేసే పంకాతో ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరు వచ్చి మార్కెట్టును ఆక్రమించినది.

వేగమునకు పడిన అడ్డుకట్ట

1974లో ఐ.బి.ఎం.కు చెందిన రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక శుభవార్త చెప్పినారు. ట్రాన్సిస్టరు కొలతలను తగ్గించి, దానితోపాటు వోల్టేజిని తగ్గించినచో, చిప్పులో ఒక చదరపు సెంటిమీటరుకు పుట్టు వేడిమి పెరగదు. ఇందులోని కిటుకు వోల్టేజిలో ఉన్నది. చిప్పు ఖర్చుచేయు విద్యుత్తు వేగమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమముగా ఉండును. వోల్టేజి సగమైనచో ఖర్చు నాలుగవ వంతు అగును. 5 వోల్టులతో మొదలైన చిప్పులు క్రమముగా సుమారు ఒక వోల్టు వరకు దిగినవి. ఆ మేరకు వేగము పెరుగుచు వచ్చినది.

అయితే ఒక హద్దు దాటిన పిమ్మట వోల్టేజిని తగ్గించినచో ట్రాన్సిస్టరు పూర్తిగా మూసుకొనదు. జెర్మేనియంనాటి కారుడు మరల తల ఎత్తును. వోల్టేజి దిగుట నిలిచినది, వేడిమి పెరుగుట మొదలైనది. 2004లో వచ్చిన ఒక రకము పెంటియం-4 చిప్పు వైశాల్యము 112 చదరపు మిల్లీమీటర్లు. కొన్నిటికి దానినుండి తొలగించవలసిన వేడిమి 103 వాట్లు. అనగా చదరపు సెంటిమీటరుకు సుమారు 90 వాట్లు. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు 200 చదరపు సెంటిమీటర్లు అనుకొన్నచో, అది చదరపు సెంటిమీటరుకు 5 వాట్లు మాత్రమే. గోరంత చిప్పు ఇస్త్రీపెట్టెను ఎంతగా మించినదో చూడవచ్చును. 2004 అక్టోబరులో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్జ్ పెంటియం-4 ప్రయత్నమును విరమించుకొన్నది. 2005నుండి ఒకే చిప్పులో రెండు గణనభాగములను పెట్టు పద్ధతి బల్లమీది కంప్యూటర్లకు వచ్చినది. ఒక్క గుఱ్ఱమును ఇంకను వేగముగా పరుగెత్తించలేక, రెండు గుఱ్ఱములను కట్టినట్లయినది.

ఎనియాక్‌తో పోల్చినచో సాధించినది కూడ సామాన్యము కాదు. 100 వాట్లతో సెకనుకు వెయ్యి కోట్ల కూడికలు చేయు యంత్రములో ఒక్కొక్క కూడికకు పట్టు శక్తి ఎనియాక్‌లో పట్టిన దానిలో 300 కోట్లవ వంతు. నేటి యంత్రములు అంతకంటెను ఎక్కువ కూడికలు చేయును.

ఆగిన యంత్రమును పరీక్షించుట

3 గిగాహెర్ట్జ్ చిప్పులో గడియారము సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకొనును. ప్రతి సంకేతము తరువాతి దెబ్బ పడుటకు ముందే గమ్యము చేరవలెను. వేడెక్కిన ట్రాన్సిస్టరు నెమ్మదించును. సంకేతము ఆలస్యమైనచో ఒకటి ఉండవలసిన చోట సున్న పడును. ఆదేశముల వరుస దారి తప్పి యంత్రము స్తంభించును.

నేటి చిప్పులలో ఉష్ణమాపకము లోపలే ఉన్నది. వేడిమి పెరిగినచో చిప్పు మొదట తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని తగ్గక ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమును దాటినచో విద్యుత్తును ఆపివేయును. కనుక మొదట మందగించి, తరువాత ఠక్కున ఆరిపోవు యంత్రము విషయమున వేడిమిని అనుమానించవచ్చును. వెలిగించిన నిమిషములోనే, ఇంకను చల్లగా ఉండగనే స్తంభించునది మాత్రము వేరు రోగముతో ఉన్నది. జ్ఞాపకఫలకము గూటిలో వదులై ఉండవచ్చును. విద్యుత్ సరఫరా బలహీనమై ఉండవచ్చును. లేదా కెపాసిటర్లు ఉబ్బి ఉండవచ్చును. 2000 సంవత్సరము తరువాత కొన్నేండ్లపాటు దోషముగల ద్రవముతో తయారైన కెపాసిటర్లు ఎన్నో కంప్యూటర్లను పాడుచేసినవి. ఇక్కడ కూడ వేడిమికి పాత్ర ఉన్నది. 10 డిగ్రీలు పెరిగినచో ఇట్టి కెపాసిటరు ఆయుర్దాయము సుమారు సగమగునని ఇంజనీర్ల లెక్క.

గది ఉష్ణోగ్రతను మరువరాదు. పంకా చిప్పును గదికంటె చల్లగా చేయలేదు. గది 25 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు పోయినచో చిప్పు కూడ సుమారు 15 డిగ్రీలు పైకి పోవును. రోహిణికార్తెలో యంత్రములు ఎక్కువగా మొరాయించుటకు ఇది ఒక కారణము. చిప్పుమీది హీట్ సింకు అను లోహపు రెక్కల దిమ్మలో దుమ్ము చేరినచో గాలి ఆడదు. చిప్పుకు, దిమ్మకు నడుమ పూసిన లేపనము ఎండినచో అక్కడ గాలి పొర ఏర్పడును. గాలి అధమ ఉష్ణవాహకము.

పాఠశాలలో ఇది మంచి ప్రయోగము కాగలదు. పెట్టె మూత తీసి, బల్లపంకాతో గాలి తగులునట్లు చేసి, చేతులు లోపల పెట్టకుండ యంత్రమును నడిపి చూడవలెను. రోగము మాయమైనచో వేడిమియే దోషి. మారనిచో వేరుచోట వెదకవలెను. విద్యుత్తును పూర్తిగా తొలగించిన పిమ్మటనే దుమ్ము తుడువవలెను. తుడుచుటకు ముందు, తరువాత ఉష్ణోగ్రతలను వ్రాసి పోల్చవలెను. ఒకసారికి ఒక మార్పే చేయవలెను. విద్యుత్ సరఫరా పెట్టెను మాత్రము తెరువరాదు. తీగ ఊడదీసిన తరువాత కూడ దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును.

ఎనియాక్ నిర్మాతలు వేడిమిని తమ ప్రణాళికలో మొదటనే చేర్చుకొన్నారు గనుక, నడవదని అందరు అన్న యంత్రము నడచినది. ఆపిల్-3 విషయములో వేడిమియే దోషియో, టంకమే దోషియో తేలకముందే యంత్రము పేరు చెడినది. వేడిమి అనేకసార్లు తాను తప్పు చేయదు. ఎక్కడ స్పర్శ వదులో, ఎక్కడ పనితనము లోపమో దానిని పట్టి చూపును. అందుచేత ఆగిపోయిన యంత్రముముందు కూర్చున్నవారికి మొదట కావలసినది తీర్పు కాదు, ఉష్ణమాపకము.