లంబసింగి జంక్షన్: ఈ రోడ్డు ఎవరి చెమట?



చలికాలం వచ్చిందంటే లంబసింగి జంక్షన్‌లో తెల్లవారుజామున మూడు గంటలకే కార్లు బారులు తీరుతాయి. చెరువులవేనం కొండ మీద మబ్బులు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇక్కడ ఆగి, చలిమంట కాచుకుని, టీ తాగి వెళ్తారు. మనోళ్ళకి అదే చోటు బస్సెక్కే చోటు. చింతపల్లి వెళ్ళాలన్నా, నర్సీపట్నం దిగాలన్నా అక్కడే నిలబడాలి. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఈ ఊరిని 'కొర్రబయలు' అని కూడా అంటారు. ఇవి చాలామందికి తెలుసు. ఈ రోడ్డు ఎలా పడిందో మాత్రం తక్కువమందికి తెలుసు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం, పశువుల్ని మేపుకోవడం ఒక్కొక్కటే నేరాలైపోయాయి. అడవి మీద బతుకు పోయాక మిగిలింది కూలి పని. ఆ తర్వాతి కాలంలో నర్సీపట్నం నుంచి లంబసింగికి ఘాట్ రోడ్డు వేయడం మొదలుపెట్టారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాం అది. కొండ తవ్వింది, రాళ్ళు మోసింది మన తాతలు, ముత్తాతలు. న్యాయంగా రావాల్సిన కూలి వాళ్ళకి ఇవ్వలేదు. ఎదురు అడిగితే కొరడా దెబ్బలు. అల్లూరి సీతారామరాజు ఫిర్యాదు చేసినా ఫలితం లేకపోయింది.

మన్యం తిరుగుబాటు అంటే పోలీస్ స్టేషన్ల మీద దాడులతో మొదలుపెట్టి చెప్తారు. అంతకుముందే ఈ రోడ్డు మీద రగిలిన కడుపుమంట ఉంది. బట్టిపనుకుల మునసబుగా పనిచేసిన గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర ఆ కోపంలోంచే వచ్చారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు కొట్టి 26 తుపాకులు పట్టుకెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. ఆ తర్వాత మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ మన్యంలోకి దిగారు. 1924 మే 7న రామరాజును కాల్చి చంపారు. దారి దొరకని అడవి ఉన్నంతకాలం మనవాళ్ళకి బలం ఉండేది. రోడ్డు పడేకొద్దీ ఆ బలం సర్కారు చేతికి పోయింది.

అలాగని రోడ్డు వద్దని నేననను. ఈ రోడ్డు మీదే మన కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా కిందికి దిగుతున్నాయి. ఆసుపత్రికి పోవాలన్నా, చదువుకి పోవాలన్నా ఇదే దారి. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారి కూడా లంబసింగి మీదుగానే వెళ్తోంది. ఆగే బళ్ళు ఇంకా పెరుగుతాయి.

అందుకే అసలు ప్రశ్న ఇప్పుడు మొదలవుతుంది. ఆ బళ్ళు ఆగేది ఎవరి హోటల్ ముందు? ఎవరి టెంట్ దగ్గర? 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, బహుమతి అన్నీ బదిలీ కిందికే వస్తాయి. గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదు. కాబట్టి పేరు మనది, పెత్తనం ఇంకొకరిది అనే బినామీ బేరానికి ఎవరైనా వస్తే, సంతకం పెట్టే ముందు ఇంట్లో, గ్రామసభలో ఈ విషయం మాట్లాడండి.

ఇంకో పని కూడా ఉంది. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ముసలాళ్ళని అడగండి: "తాతా, ఈ రోడ్డు పనికి మన ఊరి నుంచి ఎవరెళ్ళారు?" చెప్పిన పేర్లు రాసి ఇక్కడ పెట్టండి. దొరల పేర్లు రికార్డుల్లో ఉన్నాయి. రాళ్ళు మోసినోళ్ళ పేర్లు మనమే రాసుకోవాలి.

జై ఆదివాసీ.